పటంలో వంకర వేలు

విప్లవం తర్వాత ప్రిన్సుగారి భవనాన్ని మ్యూజియం చేశాక, హాల్లో కాపలా కుర్చీ అగ్రఫేనా నికీతిచ్నాది, గుమ్మం దగ్గర టికెట్లు చింపే పని నాది. ఎండాకాలంలోనూ ఆవిడ ఎడమ చేతికి ఉన్ని తొడుగు తీసేది కాదు. "నీకొక్కదానికే మంచు కురుస్తోందా?" అని ఏడిపించేదాన్ని.

పంతొమ్మిది వందల ముప్పై ఏడు జూలైలో లెనిన్‌గ్రాడ్ నుంచి ఒక పరిశోధకుడు వచ్చాడు. దొరల సంతతిని రహస్య పోలీసులు వెతికి వెతికి కార్లలో ఎక్కించుకుపోతున్న రోజులవి. ఆయన హాల్లో వేలాడే 'పేరు తెలియని దొరసాని' పటం మీద భూతద్దం పెట్టాడు.

"చిటికెనవేలు చూడండి, కొడవలిలా వంగింది. ఇది తరతరాలకూ దిగే వేలు. ఇలాంటి వేలున్న మనిషి దొరికితే ఈవిడ ఏ వంశమో తేలిపోతుంది."

నా నోరు ఊరుకోదు కదా. "అగ్రఫేనా నికీతిచ్నా, నీ తొడుగు తియ్యి, చూద్దాం" అన్నాను, నవ్వుతూ.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన చూస్తూనే ఉన్నాడు. తొడుగు తీసింది. అదే వేలు.

"ముఖం దొరసానిదే, కామ్రేడ్," అంది. "చిత్రకారుడి ముందు గంటలకొద్దీ కూర్చోలేక, ముఖం అయ్యాక ఆ గౌను మా నాయనమ్మకు తొడిగి కూర్చోబెట్టింది. చేతులు మా నాయనమ్మవి. ఆ దొరసాని ఇంట్లో బట్టలుతికే దాసి."

"ఈ ఏడాది ఎవర్నడిగినా నాయనమ్మ దాసే అంటున్నారు," అంటూ ఆయన నోటుబుక్కు తెరిచాడు. "మీ ఇంటిపేరు?"

ఆవిడ తొడుగు మళ్ళీ తొడుక్కుంటూ నా వైపు చూసింది.