ఎవరి మాటా నిలవని శనివారాలు

శుక్రవారం పొద్దున మొయినాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. ముడిమ్యాల బడిలో మాకు తెలుగు చెప్పిన టీచరమ్మ ఆలూరులో తన ఇంట్లో కన్నుమూసింది. "నిద్రలనే పోయింది, ఏం బాధ పడలే" అన్నాడు ఆమె తమ్ముడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. చివరి ఏళ్లలో ఆమె పడ్డ బాధ ఏమిటో నాకు తెలుసు.

ఆమె గురించి చెప్పాలంటే ముందు 'ఇంటి మాట' ఆట గురించి చెప్పాలి. ప్రతి శనివారం ఒక్కొక్కరం మా ఇంటి నుంచి ఒక మాట తేవాలి. పుస్తకంలోది పనికిరాదు. తరగతిలో ఒక్కరికి అర్థం తెలిసినా ఆ మాట పడిపోయినట్టే. ఎవరికీ తెలియకపోతే నిలిచినట్టు. అప్పుడు అందరం దాన్ని పలకల మీద రాసి, పలకలు మార్చుకుని ఒకరి తప్పులు ఒకరం దిద్దేవాళ్లం. కుమ్మరోళ్ల పిల్ల 'ఆము' తెచ్చింది, కుండలు కాల్చే బట్టీ. గౌండ్లోళ్ల పిల్ల 'ముస్తాదు' తెచ్చింది, తాటిచెట్టు ఎక్కేటప్పుడు వాళ్ల నాయన నడుముకు కట్టుకునే సరంజామా. మాకు ఒత్తులూ దీర్ఘాలూ వచ్చింది అట్లాగే, పక్కపిల్ల చేతిలో దిద్దించుకోవాలన్న రోషంతో.

మా బాపు చెప్పులు కుట్టేవాడు. మా ఇంటి మాట బయట చెప్పాలంటే నాకు చచ్చేంత సిగ్గు. శనివారం రాగానే కడుపునొప్పని చెప్పి బడి ఎగ్గొట్టడం మొదలుపెట్టాను. ఒకనాడు టీచరమ్మ నేరుగా మా ఇంటికే వచ్చి గడప మీద కూర్చుంది.

"నీ బిడ్డకు ఒక్క మాట ఇయ్యన్నా" అంది.

బాపు తోలు కోసే కత్తి చూపించాడు. "గిది రంపె, టీచరమ్మా. గీ మాటతోని బడిల ఏం పని?"

"బడిల లేదు గదన్నా, గందుకే."

ఆ వారం రంపె నిలిచింది. పలకలు మారితే ఊరి పటేలు మనవరాలి పలక నా చేతికొచ్చింది. మా ఇంటి మాటను ఆ పిల్ల తప్పు రాసింది, నేను దిద్దాను. అంతటి గౌరవం నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

రాయడానికి జంకే పిల్లలతో టీచరమ్మ అనేది: "తప్పు రాస్తె తుడుసుకోవచ్చు బిడ్డా. రాయనే లేదనుకో, ఏం దిద్దాలె?"

తర్వాత పట్నంలో కంప్యూటర్ కంపెనీలు లేచాయి. బీజాపూర్ రోడ్డు వెంట కార్లు దిగాయి, జొన్న చేలల్లో సున్నం పూసిన రాళ్లు పాతారు. ఉన్నవాళ్ల పిల్లలు వ్యాన్లెక్కి ఇంగ్లీష్ బడులకు పోయారు. మిగిలిన పిల్లలు శనివారం తెచ్చే మాటలు ప్లాటు, వెంచరు, టోకెను. అన్నీ అందరికీ తెలిసినవే.

"మీ తాతనడుగురా" అని పంపిస్తే, "తాత టీవీ సూస్తడు టీచర్, మాట్లాడడు" అని వచ్చేవారట. చేవెళ్ల బస్టాండులో ఎప్పుడు కలిసినా ఆమె చెప్పేది ఒక్కటే. "ఈ వారం గూడ ఎవ్వల మాట నిల్వలే బిడ్డా." అయినా రిటైరయ్యేదాకా ఆట మానలేదు. వారం వారం ఓడిపోయేది. చూస్తుండగానే మనిషి ఎండిపోయింది.

"పాత మాటలు పోతయి, కొత్తవి వస్తయి టీచర్" అని ఓదార్చబోయాను. కస్సుమంది.

"కొత్తవి రానీ, నాకేం రంది లేదు. గని అందరిండ్లల్ల ఒక్కటే మాటుంటే, ఇంగ ఒకల్నొకలు ఏమడుగుతరు?"

నేనిప్పుడు మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాను. ఆ ఆట నేనూ మొదలుపెట్టాను. ఇంగ్లీష్ స్పెల్లింగులు నేర్పండి, ఇదంతా ఎందుకని తల్లిదండ్రులు వచ్చి కూర్చున్నారు. ఆపేశాను.

పోయిన నెల మా పాపను తీసుకుని టీచరమ్మను చూడటానికి వెళ్లాను. మంచంలో బొమికల గూడు మిగిలింది. పాపను దగ్గరికి పిలిచి, "ఇంటి మాట ఒక్కటి చెప్పు బిడ్డా, నాకు తెల్వనిది" అంది. ఎంత ఆశగా అడిగిందో! పాప నావైపు చూసింది. నేనేం అందించను? బాపు పోయాడు, ఆయన పనిముట్లు ఎటుపోయాయో తెలియదు. మేముండేది కిరాయి ఇల్లు, అందులో అందరిళ్లలో ఉండేవే ఉన్నాయి. నాకున్న నాలుగు మాటలూ ఆమె తరగతిలో దొరికినవే.

పాప ఆలోచించి, "హోంవర్క్" అంది.

టీచరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చిన్నపిల్ల కదా అని ఆట నియమం సడలించే మనిషి కాదు.

"అది నాకు తెలుసు బిడ్డా. ఇంకోటి?"

పాప తల అడ్డంగా ఊపింది. బస్సుకు వేళయి మేం లేచేదాకా ఆమె కళ్లు మూయలేదు. పాప నోటివైపే చూస్తూ ఉండిపోయింది.