ఏ భాయ్?

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. బడే వీణ్ణి మానేసింది అనేవాడు మా నాన్న. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇంకాసేపట్లో మా కాలనీ ప్రెసిడెంటు గారు దాన్ని నా మొహాన కొట్టబోతున్నారు. నేనే ముందు చెప్పేస్తే ఆయనకి ఆ సరదా కూడా దక్కదు.

తొంభైల చివర్లో గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. పెళ్లి శుభలేఖలు, చీరల కొట్ల కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అన్నీ ఒకే కంప్యూటర్లో. ఒకసారి పెద్దకర్మ కార్డు అడుగున పెళ్లి కార్డులోని "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అనే ముక్క ఉండిపోయింది. ఎవరూ తప్పు పట్టలేదు. అందరూ సకుటుంబంగానే వచ్చి భోంచేసి వెళ్లారట. తప్పు అచ్చయితే చాలు, అదే ఒప్పు అయిపోతుందని నాకు అప్పుడే తెలిసుండాల్సింది.

రెండు వేలు దాటిన కొత్తల్లో ఒక లెక్చరర్ గారు మా సెంటర్‌కి రావడం మొదలుపెట్టారు. ఊరి బయట ఏదో కాలేజీలో పాఠాలు చెప్పేవారు. మా కాలనీలోనే, నేనుండే అద్దె వాటాకి నాలుగిళ్ల అవతల ఉండేవారు. ఒక సీడీ తెచ్చి మా కంప్యూటర్లో ఎక్కించారు. మా దగ్గర కలర్ ప్రింటర్ ఉంది, టైపు కొట్టడానికి నేనున్నాను, అందుకని.

అందులో పని చాలా తేలిక. రెండు వరుసలు కొట్టాలి. ఎడమ వరుసలో ఎవరు, కుడి వరుసలో ఎవరితో. కొట్టి ఒక బటన్ నొక్కితే ప్రతి మనిషీ ఒక చుక్కవుతాడు, ప్రతి సంబంధం ఒక గీతవుతుంది. చుక్కలు ముందు దోమల్లా గుంపుగా లేచి, ఒకదాన్నొకటి తోసుకుని, సిటీ బస్సులో జనంలా ఎవరి చోట్లో వాళ్లు సర్దుకునేవి. ఎక్కువ గీతలున్న చుక్క పెద్దదై నడుమకి వచ్చేది.

"సార్, మా అమ్మ రోజూ వాకిట్లో వేస్తదండి ఇది," అన్నాను మొదటి రోజే.

"ముగ్గు కాదయ్యా. నెట్‌వర్క్."

"మా అమ్మ సీడీ లేకుండా వేస్తదండి."

ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రానికి మా సెంటర్లో అందరూ ఆయన్ని ముగ్గు సార్ అనడం మొదలుపెట్టారు.

ముందు సరదాకి సినిమాలు పెట్టించారు. ఎవరు ఎవరితో కలిసి నటించారని. మా హీరో నడుమ సూర్యుడిలా వెలుగుతాడనుకున్నాను. నడుమ వచ్చిందెవరంటే, ప్రతి సినిమాలోనూ హోటల్ సర్వరుగానో కానిస్టేబులుగానో వచ్చి రెండు తన్నులు తిని పోయే కమెడియన్. అందరితోనూ నటించింది అతనొక్కడే మరి. "చూశావా? ఎవరు ముఖ్యమో మనకి తెలుసనుకుంటాం. గీసి చూస్తే గానీ తెలీదు," అన్నారు సార్. ఆ మాట నాకు నిజంగా నచ్చింది. తర్వాత బస్సు రూట్లు గీశాం. ఏ స్టాపు మూసేస్తే ఊరు ఎక్కడ తెగిపోతుందో కనిపించింది. అదే సీడీ, అవే రెండు వరుసలు. సినిమా పెడితే సినిమా, బస్సు పెడితే బస్సు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు కొట్టే బదులు ఇది చూపించి ఉంటే తొమ్మిదికి వెళ్లేవాణ్ణేమో.

ఆ తర్వాత ఉయ్యూరు వైపు చెరకు రైతులు. నాటడానికి చెరకు ముచ్చెలు, అంటే కణుపులున్న ముక్కలు, ఎవరు ఎవరి దగ్గర తెచ్చుకున్నారని కాలేజీ పిల్లలు అడిగి రాసుకొచ్చారు. కొట్టి బటన్ నొక్కితే నడుమ గుమ్మడికాయంత చుక్క. దాని పేరు "బావ".

"ఎవడయ్యా ఈ బావ, ఉయ్యూరు మొత్తానికి ముచ్చెలిచ్చాడు?" అన్నారు సార్.

"బావ లేని మనిషి మన జిల్లాలో ఎక్కడుంటాడండి. ఎవరి బావో అడగాలి మీరు."

సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. రెండు ఆదివారాలు బస్సెక్కి ఉయ్యూరు వెళ్లి, ప్రతి రైతునీ "ఏ బావండీ?" అని అడిగి, ఇంటిపేర్లతో సహా రాసుకొచ్చారు. గుమ్మడికాయ పగిలి గింజలు గింజలైంది. అప్పుడే నాకు ఇంకో పాఠం కూడా చెప్పారు. ఇద్దరు మనుషులు ఒక చుక్క కాకూడదు. అలాగే ఒకే మనిషి పేరు రెండు రకాలుగా కొడితే రెండు చుక్కలవుతాడు, కాబట్టి స్పెల్లింగులన్నీ ఒకటి చెయ్యాలి. నాకు రెండో ముక్క బాగా గుర్తుండిపోయింది. మొదటిది ఉయ్యూరుకే అనుకున్నాను.

ఆ వచ్చే వేసవిలో మా కాలనీలో పచ్చకామెర్లు మొదలయ్యాయి. ఇంటికొకరు కళ్లు పసుపు పూసినట్టు చేసుకుని కూర్చున్నారు. పసరు మందు కోసం కొందరు, ఆసుపత్రికి కొందరు. కాలనీ కమిటీ వాళ్లు సార్‌ని పట్టుకున్నారు. ఎక్కడి నుంచి వస్తోందో మీ కంప్యూటర్లో చూడండి అని. కాలేజీ పిల్లలు జబ్బుపడ్డ వాళ్ల ఇళ్లకి వెళ్లి ఫారాలు నింపారు. బయట ఎక్కడ తిన్నారు, ఏం తాగారు, ఇంట్లో నీళ్లు ఎక్కడివి. ఆ కట్ట నా బల్ల మీదికొచ్చింది.

ఆ సీడీకి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఫారాల్లో ఒకరు "భాయ్ దగ్గర" అని రాశారు, ఒకరు "భాయి బండి", ఒకరు "సాయిబు గారి కొట్టు". నా ఇంగ్లీషు దానికి ఇంకో నాలుగు రకాల స్పెల్లింగులు కలిపింది. పాఠం గుర్తొచ్చింది. అన్నిటినీ వెతికి ఒకటే "భాయ్"గా మార్చమని ఒక్క బటన్ నొక్కాను. కంప్యూటర్ ఇన్ని మార్చాను అని లెక్క చూపించింది, భుజం తట్టినట్టు.

సార్ వచ్చి చూసి, "ఈ నీళ్ల కాలమ్ తీసెయ్. అందరివీ కాలనీ ట్యాంకు నీళ్లే కదా. ఆ చుక్కకి అందరి గీతలూ కలిస్తే ముగ్గంతా అలుక్కుపోతుంది," అన్నారు. ఆయన నోట ముగ్గు అనే మాట రావడం అదే మొదలు. గెలిచానని సంబరపడి ఆ కాలమ్ తీసేశాను.

పెద్ద కాగితం మీద ప్రింటు తీశాను. నడుమ ఎర్రగా, పళ్లెమంత చుక్క. కమిటీ గదిలో ఆ కాగితం విప్పినప్పుడు నేనూ ఉన్నాను. ప్రెసిడెంటు గారు కళ్లజోడు సవరించుకుని, "ఎవరీ భాయ్?" అన్నారు.

అడిగారు. అడగలేదని నేను చెప్పను. అడిగితే, "ఇంకెవరండీ, మన గేటు దగ్గర టీ భాయ్. ఇన్నాళ్లకి హీరో అయ్యాడు," అని జోకేసింది నేను. అందరూ నవ్వారు. ఉయ్యూరు బావకి రెండు ఆదివారాలు పట్టింది. భాయ్‌కి నా జోకు ఒక్కటి సరిపోయింది. ఇంత వయసొచ్చింది, ఎన్నో జోకులేశాను. వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే. ఎవరిమీద కోపం అని అడిగితే, ముందు ఆ జోకేసిన నా నోటి మీద.

మర్నాడు పొద్దున కమిటీ నుంచి నలుగురు గేటు దగ్గరికి వెళ్లారు. నేను అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. టీ బండి ఆయనకి యాభై దాటి ఉంటాయి. కాలనీకి గేటు పెట్టకముందు నుంచీ ఆ మూలన బండి ఉంది.

"బండి తీసెయ్ భాయ్," అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఏమైందండీ?"

"కామెర్లు నీ దగ్గర్నుంచే. కంప్యూటర్లో వచ్చింది."

"టీ మరిగించే ఇస్తానండి. పొంగేది మీరూ చూస్తారు కదా."

"గ్లాసులు కడిగే నీళ్లు మరిగిస్తావా?"

"ఆ నీళ్లు మీ కాలనీ కుళాయివేనండి."

స్టవ్ మీద పాలు చిటచిటమంటున్నాయి. ప్రెసిడెంటు గారు, "ఎదురు మాట్లాడకు. రేపటికి కనిపించకూడదు," అని తిరిగారు.

టీ బండి ఆయన నా వైపు చూశాడు. "తమ్ముడూ, నువ్వు కంప్యూటర్ పనేగా చేసేది. అందులో నా పేరు ఏమని వచ్చింది?"

"భాయ్ అని."

"అది నా పేరా?"

ఐదేళ్లు ఆయన టీ తాగాను. పేరు తెలీదు.

మధ్యాహ్నం సెంటర్‌కి సెలవు పెట్టి, ఫారాల కట్ట చంకన పెట్టుకుని, భాయ్ అని రాసిన ప్రతి ఇంటి తలుపూ కొట్టాను. ఒకటే ప్రశ్న. "ఏ భాయ్ అండీ?"

"మటన్ భాయ్ అయ్యా. ఆదివారం తెచ్చుకున్నాం."

"పుచ్చకాయల భాయ్. బస్టాపులో కోసి అమ్ముతాడే, ఆయన."

"ఐసు బండి భాయ్. మా పిల్లలు ఆగరు."

"పంక్చర్ల భాయ్ దగ్గర కుండలో నీళ్లు తాగానండి, ఎండకి."

కుర్రాళ్లు అద్దెకుండే ఒక గదిలో మరీ విచిత్రం. "భాయ్ అంటే మా రూమ్మేటండి. బీహార్ అతను. మాకు హిందీ రాదు, అందుకని అందరం భాయ్ అంటాం. వంట అతనిదే." ఆ రూమ్మేట్ బయటికొచ్చాడు. మెడలో జంధ్యం. ఆయనా నా ఎర్రచుక్కలో ఉన్నాడు.

చివరి ఇంట్లో ఒక పెద్దావిడ ఫారం చూసి, "ఏ భాయ్ అయితే ఏంటయ్యా, అందరూ ఒకటేగా," అంది. మంచి మనిషే. మంచినీళ్లు కూడా ఇచ్చింది. అందరూ ఒకటే అనే మాటని మైకుల్లో ఎన్నిసార్లు విన్నానో, చప్పట్లు కొట్టానో. దానికి ఇంత చెడ్డ అర్థం కూడా ఉంటుందని ఆ గుమ్మంలో తెలిసింది. గ్లాసు ఎత్తాక గుర్తొచ్చింది, ఇదీ ట్యాంకు నీళ్లే అని. అక్కడే పెట్టేసి వచ్చాను.

మళ్లీ కొట్టాను. ఏ భాయ్‌ని ఆ భాయ్‌గా. పళ్లెం పగిలి ఆరు చుక్కలైంది. టీ బండి చుక్కకి మూడే గీతలు మిగిలాయి, ఉయ్యూరులో ఏ బావకైనా ఉన్నన్ని. తర్వాత తీసేసిన నీళ్ల కాలమ్ వెనక్కి పెట్టాను. ట్యాంకు చుక్క వచ్చి నడుమ కూర్చుంది, ప్రతి ఇంటి నుంచీ గీతతో. సార్ చెప్పినట్టే ముగ్గంతా అలుక్కుపోయింది. అలుక్కుపోయినదే అసలు సంగతి.

సార్‌కి చూపించాను. కాగితం అంతా చూశారు. "నువ్వన్నది నిజమేనయ్యా. కానీ మొదటి ప్రింటు మీదే పేపరు రాసి పంపేశాను. వచ్చే నెల సెమినార్."

"బావల కోసం రెండు ఆదివారాలు తిరిగారు కదండీ."

"అది రీసెర్చ్ కదయ్యా," అన్నారు. అని తలొంచుకున్నారు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

ఒక్కణ్ణే ప్రెసిడెంటు గారింటికి వెళ్లాను. కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఏం చదివావు నువ్వు?"

"ఎనిమిదండి."

"ఎనిమిదో తరగతి వాడు గీసిన ముగ్గు చూసి ట్యాంకు గొట్టాలు తవ్వించమంటావా?"

"మొదటి ముగ్గు గీసిందీ నేనేనండి. అప్పుడు నా క్లాసు ఎవరూ అడగలేదు."

వాకిట్లో నిలబడ్డ వాళ్లలో ఒకాయన నవ్వబోయి దగ్గాడు. ప్రెసిడెంటు గారు తలుపేసుకున్నారు.

వర్షాలు పడ్డాక గేటు దగ్గర రోడ్డు కుంగితే తవ్వారు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం మురిక్కాలువలోంచి పోతోంది, అతుకు దగ్గర తుప్పు తినేసింది. ఎవరూ పెద్దగా మాట్లాడకుండా కొత్త గొట్టం వేశారు. కామెర్లు తగ్గాయి. ఆ తర్వాత మీటింగులో ప్రెసిడెంటు గారు, "టీ బండి తీయించాం, రోగం పోయింది," అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ కమిటీ గది గోడకి మొదటి ప్రింటు ఇంకా ఏళ్ల తరబడి వేలాడింది. ఎరుపు వెలిసి రోజా రంగుకి వచ్చింది గానీ, నేను కొట్టిన అక్షరాలు మాత్రం నల్లగా అలాగే ఉన్నాయి. మంచి ఇంకు కొనేవాళ్లం అప్పట్లో.

టీ బండి ఆయన గవర్నర్‌పేటలోనే లాడ్జీల వెనక సందులో బండి పెట్టుకున్నాడని కొన్నాళ్లకి తెలిసింది. మా సెంటర్‌కి దగ్గరే. వెళ్లాను. గొట్టం సంగతి, మీటింగు సంగతి, నా జోకు సంగతి, అన్నీ చెప్పాను. స్టవ్ మంట తగ్గించి విన్నాడు.

"గొట్టం మార్చారా? మంచిది. పిల్లలున్న ఇళ్లు," అన్నాడు.

"మీ పేరు చెప్పండి. ఆ కాగితం మార్చి మళ్లీ ప్రింటు తీసి గోడకి పెడతాను."

గ్లాసు నా ముందు పెట్టాడు. "ఇన్నేళ్లూ అడగలేదు తమ్ముడూ. ఇప్పుడు అడుగుతుంటే ఎక్కడో రాసుకోడానికే అనిపిస్తుంది. వద్దులే."

చెప్పలేదు. తర్వాత చాలాసార్లు వెళ్లాను, మళ్లీ అడగలేదు. అడిగే హక్కు నేను టైపు కొట్టిన రోజే పోయింది.

ఇప్పటికీ ఎవరైనా నా ముందు "భాయ్ దగ్గర తెచ్చాను" అంటే "ఏ భాయ్?" అంటాను. ఏదోలేవయ్యా అని విసుక్కుంటారు. విసుక్కోనీ. చెప్పేదాకా అడుగుతాను.