నారికురుపు కాలితో కొల్లాపూర్ దాకా

మా ఊరి మెట్లబావికి మేం కట్టిన గోడను కూలగొట్టించినవాడు మా ఊరి పోలీసు పటేలు. వానకు కూలలేదు, రాయి నాసిరకమై కూలలేదు. పటేలు నలుగురు జీతగాళ్లను పెట్టి పట్టపగలు కూలగొట్టించాడు. మిలిటరీ క్యాంపు నుంచి వచ్చిన ఇద్దరు జవాన్లు బీడీలు కాలుస్తూ చూశారు. "ఇది సంఘపోళ్ల గోడ" అని వాళ్లకు చెప్పాడట. పోలీసు చర్యకు ముందు గడీ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, ఇప్పుడు తెల్లటోపీ పెట్టుకుని అదే గడీ అరుగు మీద కూర్చుంటున్నాడు. గోడ ఆయనకు చేసిన కీడు ఒక్కటే. గోడ లేచాక ఎవరూ మెట్లు దిగి ముంచుకోలేరు, పై నుంచి గిరకతో చేదుకోవలసిందే. మేం నాలుగు వైపులా నాలుగు గిరకలు పెట్టాం. నాలుగోది మాదిగవాడ వాళ్లది. అంతకు ముందు వాళ్లు దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి పోస్తే కడవ పట్టేవాళ్లు.

మెట్లు దిగి నీళ్లలో కాలు పెడితే ఏమవుతుందని అడిగేవాళ్లకు నేను చదివిన చిన్న పుస్తకంలోని సంగతి చెబుతాను. నారికురుపు ఉన్న కాలు నీళ్లలో పడగానే పురుగు తన పిల్లలను వదులుతుంది. కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి. వాటి కడుపులో ఒక రెండు వారాలు పెరిగాక, ఆ నీళ్లు తాగిన మనిషికి అంటుకుంటాయి. ఏడాదికి మూరెడు దారంలా కాలు చీల్చుకుని బయటికి వస్తుంది. ఇది నాకు బట్టీ వచ్చు. గోడ లేవకముందు, నిరుటి ఎండల్లో, వడగట్టకుండా తాగినవాణ్ణి నేను కూడా. అందుకే ఈ ప్రయాణం మొదలుపెట్టేనాటికి నా ఎడమ మడమ పక్కన పురుగు తల బయటపడి, అగ్గిపుల్లకు చుట్టి ఉంది.

మా సేవా సంఘంలో నలుగురం. ఒకడు జైల్లో ఉన్నాడు. ఇంకొకడు ఎటు పోయాడో వాళ్ల అమ్మకు కూడా తెలియదు. మూడోవాడు పెళ్లి చేసుకుని, దారిలో నన్ను చూస్తే తల తిప్పుకుంటున్నాడు. మిగిలింది నేను. కొల్లాపూర్‌లో ఒక సేవా సంఘం ఒక్క రోజులో మెట్లబావిని చేదబావిగా మారుస్తుందని విన్నాను. అక్కడి మేస్త్రీని తీసుకురావాలి, దారిలో ఉన్న సంఘాలను మనుషుల కోసం అడగాలి, పటేలు కళ్ల ముందే గోడ మళ్లీ లేపాలి. అదీ నా లెక్క.

తిరుమలగిరి నుంచి జనగామకు సంత బండ్లు తెల్లవారుజామునే కదులుతాయి. పత్తి బోరెం మూట మీద కూర్చోనిస్తే కిరాయి ఆరణాలు. నిజాం హాలి సిక్కా అయినా ఇండియా కల్దారైనా పుచ్చుకుంటారు. జనగామలో రైలెక్కితే రెండు గంటల్లో భువనగిరి. స్టేషన్ బయట ఒక జవాను నా సంచీ విప్పించి, పుస్తకం తీసి అట్ట మీది బొమ్మను తిప్పితిప్పి చూశాడు.

"యే కితాబ్ ఏ పార్టీది?"

"నారిపురుగుది సార్."

పక్కనున్న కానిస్టేబుల్ పగలబడి నవ్వాడు. "పోనీ సార్, గా పార్టీల మా ఊరంత ఉన్నది."

భువనగిరి సంఘం గది గుట్ట నీడ పడే వీధిలో ఉంది. మూడేళ్ల కింద ఆ బెంచీల మీద చోటు దొరికేది కాదట. ఇప్పుడు బెంచీలు గోడకు చేర్చి ఉన్నాయి, పేపర్లు రావడం మానేశాయి. నర్సింలు అనే ముసలి కాంపౌండరు ఒక్కడే రోజూ పొద్దున తొమ్మిదికి వచ్చి, గంటసేపు తలుపు తీసి, అయోడిన్ సీసా, దూది ముందు పెట్టుకుని కూర్చుంటాడు. నేను గోడ గురించి, పటేలు గురించి, ప్రజల హక్కు గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన వింటూనే నా కాలు ఒళ్లో పెట్టుకుని పట్టీ విప్పాడు.

"నీ కాల్లనే ఉంది గద పిలగా పురుగు. ఊరికి జెప్పవోతివి."

"ఇది నిరుటిది, కాంపౌండర్ సాబ్. అప్పుడు తెల్వదు."

"ఊకో, కదలకు." అగ్గిపుల్లను మెల్లగా ఒక్క చుట్టు తిప్పి ఆగాడు. "దినానికి గింతే. గుంజితివో లోపల తెగుతది, కాలు పుండయితది. నీ అసొంటి కోపపోనికి రావద్దు గీ రోగం."

మా ఊరికి రమ్మని అడిగాను. ఆయన పట్టీ ముడి వేశాడు. తరువాత, "నేనొస్తే గీ తలుపెవరు తీస్తరు?" అన్నాడు. బయటికి వచ్చి వెనక్కి చూస్తే ఆ ఖాళీ బెంచీల మధ్య ఆయన సీసా మూత తుడుస్తున్నాడు.

సికింద్రాబాద్‌లో దిగి చిన్న లైను బండి పట్టుకుంటే మహబూబ్‌నగర్‌కు ఐదు గంటలు. మూడో తరగతి పెట్టెలో నిలబడే జాగా కూడా దొరకడం కష్టం, నీళ్లు మాత్రం మరిచిపోకండి. నేను మధ్యాహ్నానికి చేరాను. అక్కడి సంఘం పెద్దవాళ్లది. వకీళ్లు, ఒక డాక్టరు, దుకాణదారులు. పేద పిల్లలకు పాలు పంచుతారు, కళ్ల దవాఖాన నడుపుతారు. పద్ధతిగానే చేస్తారు, కాదనను. కానీ నేను గోడ సంగతి చెప్పగానే, దీన్ని వచ్చే నెల సమావేశంలో పెట్టి తీర్మానం రాసుకుంటామన్నారు. నాకు ఒళ్లు మండింది.

"మీది సేవ కాదు, కుర్చీల సంఘం" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఇక్కడ రాయను.

ఎవరూ నన్ను తిట్టలేదు. కార్యదర్శి, తెల్లజుట్టు వకీలు సాబ్, చాయ్ కప్పు నా ముందుకు జరిపాడు. "తమ్మీ, కోపం ఉంటే ఉండనీ. గా పట్టీ మాసింది, డాక్టర్ సాబ్ ఉన్నడు, మార్పిచ్చుకొని పో."

నాకేం అక్కర్లేదని చాయ్ అక్కడే వదిలి వచ్చేశాను. రాత్రికి సరాయిలో పడుకున్నాను. చుట్టూ ఇరవై మంది ఉన్నారు, నాతో ఒక్క మాట మాట్లాడినవాడు లేడు. నేను కూడా ఎవరినీ పలకరించలేదు.

మరునాడు సోమవారం. ఆరింటికి కొల్లాపూర్ బస్సు. జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా పోతుంది. బొగ్గుబస్సు కాబట్టి ఎత్తు చడావు వచ్చినప్పుడల్లా అందరూ దిగి నడవాలి. కుంటుతూ దిగుతున్న నన్ను చూసి డ్రైవరు తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పదకొండింటికి ఒక వాగు దగ్గర ఆపేశాడు. వాగు మీది మోరీ తెగిపోయింది, కొల్లాపూర్ ఇంకా నాలుగు కోసులు, అంటే ఎనిమిది మైళ్లుంది.

"రేపు మోరీ పూడ్సినంక పోదువు తియ్. గా కాలుతోటి నడుస్తవా?"

"నడుస్త."

"పనిమీద నడుస్తున్నవా, కోపంమీద నడుస్తున్నవా?"

ఆ మాటకు కూడా కోపం వచ్చింది. నడిచాను.

ఆ దారి గురించి ఒకటి చెప్పాలి. అటూ ఇటూ ఎర్రనేల, తునికి పొదలు, బండరాళ్లు. గంటన్నర నడిచినా మనిషి ఎదురు రాలేదు. నాతో నేనే గట్టిగా మాట్లాడుకున్నాను. పటేలుకు జవాబులు చెప్పాను, వకీళ్లకు చెప్పాను, పెళ్లి చేసుకుని మొహం చాటేసిన మా మూడోవాడికి చెప్పాను. అన్నిట్లోనూ నేనే గెలిచాను. మెచ్చుకునేవాడు లేడు. నాలుగు జిల్లాల్లో మనుషులు లేచారని, పడ్డారని అందరూ అంటున్న కాలంలో, ఆ ఎండలో నేను ఒక్కణ్ణే మిగిలానేమో అనిపించింది. మాసిన పట్టీ జారిపోయింది. నారికురుపు మంట తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పలేను. నిప్పు కణిక మడమలో పెట్టి కట్టినట్టు ఉంటుంది.

ఎర్రగుంటపల్లె పొలిమేరలో, రోడ్డు పక్కనే, మెట్లబావి కనిపించింది. నలభై గడపల పల్లె. నీళ్లు తాగుదామనే దిగాను. చివరి మెట్టు మీద కూర్చున్నాను. నీళ్లు నల్లగా, చల్లగా, కదలకుండా ఉన్నాయి. ఎడమ కాలు నీళ్లలో పెట్టాను.

మరిచిపోయి పెట్టలేదు. జారి పడలేదు. పుస్తకంలోని ఏడో పేజీ మొత్తం నాకు గుర్తుంది. పెట్టాను. మంట ఒక్కసారిగా ఆరిపోయింది, కళ్లలో నీళ్లు వచ్చాయి. మడమ దగ్గర పాలచుక్క విడిచినట్టు తెల్లగా ఏదో నీళ్లలోకి పోయింది. అది చూశాక గానీ కాలు తీయలేదు.

"సల్లగైందా బిడ్డా?"

పై మెట్టు మీద ఒక ముసలమ్మ, చంకలో బిందె. బాలమ్మ అని తరువాత తెలిసింది. నవ్వుతోంది. "ఇంకింతసేపు పెట్టుకో. మావోళ్లంత గట్లనే పెట్టుకుంటరు, మంట గుంజుకుంటది నీళ్లు. ఎవరి పిలగానివో ఏమో, ఎండల వడి వచ్చినవ్." దిగి వచ్చి నా పక్కనే బిందె ముంచబోయింది. "ముందుగాల తాగుదువురా."

"అవ్వా, ముంచకు."

"ఎందుకు బిడ్డా? ఏ కులమైతేంది తియ్, తాగు."

"గది కాదవ్వా. నా కాల్ల పురుగు గీ నీళ్లల్ల పిల్లల్ని ఇడిసింది. తాగితే వచ్చే ఏడు మీ కాళ్లకు వస్తది."

ఆమె నా కాలును, నీళ్లను, మళ్లీ నా మొహాన్ని చూసింది.

"నీకెట్ల తెలుసు?"

"పుస్తకంల సదివిన."

"సదివినంక పెట్టినవా, పెట్టినంక సదివినవా?"

"సదివినంకనే."

బాలమ్మ బిందెను మెట్టు మీద బోర్లించింది. నవ్వు పోయింది. "మాకు తెల్వక పెడితిమి. తెలిసి పెట్టినోన్ని నిన్నే చూస్తున్న."

నా కండువా తీసి రెండు మడతలు వేసి ఆమె చేతిలో పెట్టాను. "గిట్ల మడిచి బిందె మూతికి గట్టి వడగట్టుండ్రి. రెండు వారాల్ల గోడ గట్టిస్త." ఆమె కండువా తీసుకుంది గానీ కదలలేదు.

"నాకొక్కదానికి జెప్పి పోతవా? నలభై ఇండ్లున్నయి. నడువు."

ఆమె ముందు నడిచింది, నేను వెనక. ప్రతి గడప ముందు నిలబెట్టి, "చెప్పు" అనేది. నేను చెప్పేవాణ్ణి, ఏం చేశానో, తెలిసే చేశానని. ఒకడు కట్టె తీసుకుని మీదికి వచ్చాడు. ఒకామె తలుపు వేసుకుంది. మాదిగవాడలో ఒక పెద్దమనిషి అంతా విని, "మాకెట్లాగు నువ్వు కాలు పెట్టిన నీళ్లే, ఇంకొకడు కాలు పెట్టిన నీళ్లే. గోడ గడితే మా గిరక ఎటు దిక్కు?" అని అడిగాడు. ఆ రోజు మొత్తంలో నేను తల ఎత్తి జవాబు చెప్పిన ప్రశ్న అదొక్కటే. "ఏ దిక్కంటే గా దిక్కు" అన్నాను. పొద్దు వాలేసరికి నలభై గడపలూ అయ్యాయి. బాలమ్మ జొన్నరొట్టె పెట్టింది.

మంగళవారం ఒక కట్టెల బండి మీద కొల్లాపూర్ చేరాను. నేను విన్న గొప్ప సేవా సంఘంలో ఉన్నది ఇద్దరు, రాతిపని చేసే కురుమయ్య, ఆయన తమ్ముడు. గది లేదు, జెండా లేదు. వాళ్ల పద్ధతి తేలికైనది, మీ ఊళ్లో కూడా చేయవచ్చు. మెట్లను తవ్వి పారేయరు. పై నుంచి మూడో మెట్టు దగ్గర అడ్డంగా నడుమెత్తు గోడ లేపుతారు, చుట్టూ ఒర కట్టి గిరకలు నిలబెడతారు, లోపల నీళ్లలో సున్నం కలుపుతారు. రెండు దినాలు ఆ నీళ్లు ముట్టనివ్వరు. కురుమయ్య నా కాలు కడిగి, పుల్లను ఒక్క చుట్టు తిప్పి, పట్టీ కట్టాడు.

"రాయున్నది, సున్నమున్నది. చేతులు లెవ్వు తమ్మీ. ఒక్క దినంల అయిపోవాల్నంటే పదిహేను మంది కావాలె. ఇంతకు ఏ బావికి పోదాం? మీ ఊరిదా?"

రెండు వందల మైళ్లు తిరిగి ఏ బావి కోసం వచ్చానో ఆ బావి పేరు నోటిదాకా వచ్చింది. పటేలు మొహం కళ్ల ముందు ఆడింది. "ఎర్రగుంటపల్లెది" అన్నాను.

ఇది గురువారం నాడు మహబూబ్‌నగర్‌లో రాస్తున్నాను, నేను తిట్టిపోసిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని. క్షమించమని అడిగాను. వకీలు సాబ్ ముందు పట్టీ మార్పించాడు, తరువాత చాయ్ ఇచ్చాడు. "నాలుగు కుర్చీలు ఖాళీ చేస్తం, చూద్దాం" అన్నాడు. నర్సింలుకు ఉత్తరం రాశాను. ఒక్కరోజు తలుపు మూసినా ఫరవాలేదని రాయలేకపోయాను, వీలైతే రమ్మని రాశాను. మా ఊరి గోడ కూల్చినవాడు పటేలే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఇన్నాళ్లూ నా చుట్టూ ఎవరూ లేరని ఏడ్చాను. ఆ చివరి మెట్టు మీద నిజంగానే ఎవరూ లేరు, అప్పుడు నేను చేసిన పని మీకు చెప్పాను. నన్ను చూసేవాడు ఒకడున్నా ఆ కాలు నీళ్లలో పడేది కాదేమో. అందుకే చెబుతున్నాను, ఒంటరిగా ఇలాంటి పనికి బయలుదేరకండి. దారి తెలిసినా సరే.

ఇటువైపు వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. ఒత్తు నేత గుడ్డ రెండు మడతలు వేసి సంచీలో పెట్టుకోండి, ఏ బావి నీళ్లయినా దాంతో వడగట్టే తాగండి. మిగతావన్నీ దారిలో దొరుకుతాయి.

ఇది ఏ ఊరి సంఘం గదిలో, ఏ ఖాళీ బెంచీ మీద కూర్చుని చదువుతున్నా సరే, వినండి. ఈ వచ్చేది కాదు, ఆ పై ఆదివారం నాటికి నేను కాలు పెట్టి పదమూడు దినాలవుతుంది, నీటిపురుగుల కడుపులో పిల్లలు పెరిగే రెండు వారాలు ఇంకా నిండవు. ఆ ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఎర్రగుంటపల్లె బావి దగ్గరికి రండి. కురుమయ్య రాయి, సున్నం ముందే దింపుతాడు. పదిహేను మందిమి కావాలి, ఇప్పటికి ముగ్గురం ఉన్నాం. బాలమ్మ పై మెట్టు మీద కూర్చుని ఉంటుంది. ఆరు గంటలకు.