రెప్పపాటులో వచ్చే జవాబు

కోరుట్ల పాత బస్టాండు సందులో అనీస్ ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లలో సగంమందికి మెయిల్ అంటే ఏమిటో తెలియదు. "నీకెందుకు చిన్నమ్మా, నాదే ఇస్త గద" అనేవాడు అనీస్. గల్ఫ్‌కు పోయిన మొగుళ్ల కోసం, కొడుకుల కోసం ఊళ్లకు ఊళ్లే వాడి ఒక్క మెయిల్ అడ్రసును నమ్ముకున్నాయి. వాడికి అదో దర్జా.

సకల జనుల సమ్మె నాటి మాట. బస్సులు లేవు. బొగ్గు బావులు మూతపడి కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. మెట్‌పల్లి పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి బీడీలు చుట్టే సత్యవ్వ కొంత నడిచి, కొంత ఆటోలో వచ్చింది. దుబాయిలో ఆమె పెనిమిటి మొగిలికి పక్షవాతం కొట్టింది. క్యాంపు గదిలో గుక్కెడు నీళ్లు పోసే దిక్కు లేదట. పానం ఉండగా ఇంటికి తెచ్చుకోవాలి, అదొక్కటే ఆమె గోస. మొగిలిని దుబాయి పంపిన హైదరాబాద్ కంపెనీ వెబ్‌సైట్‌లో అనీస్ ఆమె మొర రాసి పంపాడు. రెప్ప వేసేలోపు ఇంగ్లీషులో జవాబొచ్చింది. అనీస్ తెలుగులో చదివాడు: "మీ విజ్ఞప్తిని శ్రద్ధగా చదివాం. తగిన చర్య తీసుకుంటున్నాం."

సత్యవ్వ కంప్యూటర్‌కు చేతులెత్తి మొక్కింది. "మన ఆఫీసోళ్లు నెలలకు గూడ పలుకరు. గీ సారు ఎంత మంచోడు! ఆయన కడుపు సల్లగుండ!"

మళ్లీ వచ్చింది, మళ్లీ రాయించింది. ప్రతిసారీ అదే జవాబు. అనీస్ తనవి నాలుగు ముక్కలు కలిపి మరీ చదివేవాడు.

ఒకరోజు కరెంటు పోతుందన్న తొందరలో ఒక్క అక్షరం రాయకుండానే పంపే బటన్ నొక్కేశాడు. ఖాళీ మొర. దాన్నీ శ్రద్ధగా చదివారట! అప్పుడర్థమైంది వాడికి, అవతల మనిషే లేడని, ఎవరేం పంపినా మిషనే ఆ రెండు ముక్కలూ తిప్పికొడుతోందని. నవ్వొచ్చింది. ఛీ, పాపిష్టి నవ్వు! పక్కనే చాట ఒళ్లో పెట్టుకొని బీడీ ఆకు కత్తిరిస్తున్న సత్యవ్వ తలెత్తింది. "ఏమన్నడు కొడుకా?"

"టికెట్ చేస్తున్నరట చిన్నమ్మా."

వాడి నాలుక తెగిపడలేదు. అప్పటికే "అనీసు రాస్తె కూసున్నకాడికే జవాబు వస్తది" అని సత్యవ్వ ఊరూరా చెప్పింది. మెట్‌పల్లి ఆడవాళ్లు కూడా వచ్చి గుమ్మం ముందు కూర్చుంటున్నారు. అది మిషనని చెబితే ఆ గుమ్మం ఖాళీ అవుతుంది.

సిరిసిల్లలో బట్ట నేసే కరెంటు సాంచాలు నడిపే సత్యవ్వ తమ్ముడు జలపతి వెతుక్కుంటూ వచ్చాడు. "అక్కా, హైదరాబాద్ పోయే జీపుల జాగ ఉంది. బుగ్గారంల గిసొంటి కష్టమే వచ్చిన జమున గూడ వస్తున్నది. కంపెనీ ఆఫీసు ముందల కూసుందాం. మనిషి మొకం మనిషి సూస్తెనే కదులుతరు."

సత్యవ్వ అనీస్ వైపు తిరిగింది. "పోవాల్నా కొడుకా?"

"సారు చేస్తనన్నంక పోయి లొల్లి పెడితె కోపమొస్తది. ఉన్న పని గూడ చెడుతది" అన్నాడు అనీస్.

ఆమె పోలేదు. జమున ఆ ఆఫీసు గుమ్మంలో పడుకొని ఏడ్చింది, తిట్టింది, కదలనంది. ఆమె మొగుడు చక్రాల కుర్చీలోనైనా ఇల్లు చేరాడు. మొగిలి క్యాంపు గదిలోనే కన్నుమూశాడు.

కబురు తెలిసిన సత్యవ్వ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో వచ్చి కూర్చుంది. "శవాన్నన్న పంపుమని రాయి కొడుకా. సారు దయగల్లోడు, కాదనడు."

అనీస్ కీబోర్డు పక్కకు నెట్టాడు. "సారు లేడు చిన్నమ్మా! గది మిషను. ఖాళీగ పంపినా గదే జవాబిస్తది."

"నీకెప్పుడెరుకైంది?"

"జీపు పోకముందే."

గుమ్మం ముందు కూర్చున్న ఆడవాళ్లు లేచి లోపలికి తొంగిచూశారు. సత్యవ్వ తిట్టలేదు, శాపం పెట్టలేదు. వాడి మొహంలోకి చూసింది.

"గది మిషను, సరే. నువ్వు మనిషివే గద కొడుకా?"