మూడు కార్బురేటర్లు, ఒక "చూద్దాం"

మా ఆయన తెత్సుజి గారికి తాగుడు లేదు, జూదం లేదు. ఉన్నదల్లా "చూద్దాం" ఒక్కటే. ఏది అడిగినా అదే జవాబు. పెళ్లిచూపుల్లో మా నాన్న "అమ్మాయి నచ్చిందా బాబూ?" అంటే కూడా "చూద్దాం" అన్నారు. మా అమ్మ ఆగకుండా మంచిరోజు పెట్టించేసింది కాబట్టి నా పెళ్లయింది.

నూడుల్సు కొట్టుకి వెళ్తే లావు ఉడోనా, సన్న సోబానా అని గుమ్మంలోనే నిలబడిపోతారు. ఒకసారి కొట్టువాడు విసుగెత్తి, "అయ్యా, రెండూ అయిపోయాయి" అన్నాడు. "హమ్మయ్య!" అన్నారీయన.

ఇక కారు సంగతి. మా మామగారు వదిలివెళ్లిన రెండు తలుపుల పాత కారది. ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటర్లు మూడు. మా సువా ఊరి చలికి పొద్దున్నే స్టార్టయ్యేది కాదు. అయిందా, వీధి వీధంతా నిద్రలేచేది. అవి పీకేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించమని నేను పోరాను. పెట్రోలు ఎంత కావాలో కంప్యూటరే చూసుకుంటుంది, తాళం తిప్పితే బండి కదులుతుంది. ఆ కార్లో ఒక్కసారి సముద్రం దాకా వెళ్లిరావాలని నా కోరిక. మా ఆయన కార్బురేటర్లు విప్పి పాత పేపరు మీద పరిచి, "చూద్దాం" అన్నారు. నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నారు.

కార్బురేటర్ల తరఫు వకీలు మా పాత మెకానిక్ ఇనగాకి గారు. రబ్బరు గొట్టం ఒక కొస కార్బురేటర్ మూతి దగ్గర, రెండో కొస తన చెవిలో పెట్టుకుని, మూడూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో వినేవాడాయన. ఎక్కడో ఉన్న నగోయా నగరం నుంచి కూడా ఆయన షాపుకి బళ్లు వచ్చేవి. షాపు మూసేశాక, చివరగా మా బండి ఒక్కటి సరిచేయాలని ఆయన పంతం. ప్రతి ఆదివారం గొట్టం మెడలో వేసుకుని దిగేవాడు.

"కంప్యూటర్ పెడితే అది కారేంటమ్మా, క్యాలిక్యులేటరు!"

"మరి చలికాలం సంగతేంటండీ?"

"టీనా? పెట్టు, తాగుతా."

నేనొకటంటే ఆయనొకటనేవాడు. ఎంత పొగరో అనుకునేదాన్ని.

మొన్న మార్చిలో నాకు ఒళ్లు మండింది. ఇనగాకి గారి ముందే మా ఆయన్ని అడిగేశాను. "ఏమండీ, అదా ఇదా? ఇవాళ తేల్చండి!"

"చూద్దాం."

"మీ చూద్దాం చట్టుబండలు గానూ!" అంటూ రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను. టీ కోసమని ఇనగాకి గారూ వెనకే వచ్చి, పొయ్యి పక్క స్టూలు మీద కూర్చున్నాడు. మాకు వీపు పెట్టి, కిటికీలోంచి కారును చూస్తూ అందుకున్నాడు. "చీమ తుమ్మినంత తేడా ఉన్నా చాలు, ఈ చెవి పట్టేస్తుంది..."

ఆ చెవికి జానెడు దూరంలో కెటిల్ కూత మొదలుపెట్టింది. రైలొచ్చినట్టు కూస్తోంది. ఆయన తల కూడా తిప్పలేదు, హాయిగా మాట్లాడుతూనే ఉన్నాడు.

మా ఆయన చప్పుడు కాకుండా వెళ్లి పొయ్యి ఆర్పి, నా వైపు చూశారు.

"ఎన్నాళ్లయింది?" అన్నాను.

"నాలుగేళ్లు. కార్బురేటర్లే అంటే గొట్టం చెవిలో పెట్టుకోవాలి, అందరి ముందూ బయటపడిపోతాడు. ఇంజెక్షన్ అంటే ఇక మనింటికి రాడు. ఏం చెప్పమంటావ్?"

ఉడోనో సోబానో తేల్చుకోలేని మనిషి ఇంత లెక్క వేశాడా! సముద్రం ఎక్కడికీ పోదు, బస్సులో వెళ్తానని అప్పుడే అనేసుకున్నాను.

ఇనగాకి గారు ఇటు తిరిగి, "ఏమ్మా, తేలిందా?" అన్నారు.

ఎదురుగా వెళ్లి నిలబడి, గొంతు పెంచి చెప్పాను. "లేదండీ! నాకే అనుమానం పట్టుకుంది! వచ్చే ఆదివారం వచ్చి, కార్బురేటర్ గురించి మొదట్నుంచీ చెప్పాలి మీరు!"

ఆయన మొహం చాటంతయింది. మరుక్షణం కసురుకున్నారు.

"చెప్తాలే! దానికి ఆ అరుపులెందుకమ్మా, నాకేమన్నా చెవుడా?"