సిరాజుద్దీన్ తలుపు, ఎల్లప్ప పట్టు

పూర్వం ఎవరూ తలుపులకు తాళాలు వేసేవారు కాదని మురిసిపోయేవాళ్లకు పుంగనూరులో కొదవ లేదు. ఎత్తుకుపోవడానికి ఏమీ లేని ఇళ్లకు తాళమెందుకు? వెల్డింగ్ షెడ్డు నడిపే సిరాజుద్దీన్‌కు ఆ మురిపెం లేదు. పక్క వీధి మెకానిక్ షాపులో కంప్రెసర్ పోయిందని తెలిసీ తెలియగానే తన షెడ్డుకు ఇనుప తలుపు చేసుకున్నాడు.

బయట రెండు తాళాలు. వాటిని ఎవడైనా కోస్తాడు; గొప్పంతా లోపలి కమ్మీది. తలుపు మూయగానే అది దానంతటదే జారి నేలలోని రంధ్రంలో దిగబడుతుంది. తలుపు పక్కనున్న సందులోంచి ఎవరికీ కనబడకుండా బయటికి వదిలిన సన్నటి తీగ లాగితేనే పైకి లేస్తుంది.

ఈ కీర్తి మదనపల్లె దాకా పాకింది. తన గోడౌన్లన్నిటికీ అలాంటి తలుపులే చేయించాలని టమాటా వ్యాపారి లక్ష్మీపతి కారులో వచ్చాడు. ఏడాదంతా కిటికీ కమ్మీలు అతికే సిరాజుద్దీన్‌కు ఆ పని దక్కితే పండగే. అదే సమయానికి రామకుప్పం రైతు ఎల్లప్ప, తను చేయించుకున్న గేటు తీసుకుపోవడానికి బావమరిదితో టెంపోలో దిగాడు.

సిరాజుద్దీన్ దర్జాగా తాళాలు తీశాడు. తీగ లాగాడు. తెగి చేతికొచ్చింది.

"ఇదేనా నీ టెక్నిక్కు?" అన్నాడు లక్ష్మీపతి.

"కోసేస్తే సరి సార్, కట్టింగ్ మిషన్ తెస్తా..." అంటూ రెండడుగులు వేసి ఆగిపోయాడు.

అన్నం క్యారియర్‌తో వచ్చిన భార్య జహీరా అందుకుంది. "యాడుండాది మిషను? లోపలే కదా! దొంగలు రాకుండా చేసినారు సరే, మీరు రాకుండా యాల చేసినారు?"

ఎల్లప్ప మాత్రం వంగి మడతబందులు చూస్తున్నాడు. "సిరాజన్నా, ఇవి మా గేటు బందులే కదప్పా!"

రామకుప్పం వైపు చేలమీదికి ఏనుగులొస్తాయి. మూసిన గేటును తొక్కి వంకర చేసి మరీ పోతాయి. పంట ఎలాగూ దక్కదు, గేటైనా మిగలాలని, ఏనుగుల కబురు రాగానే రైతులు గేటును పైకెత్తి ఊడదీసి పక్కన పడుకోబెడతారు. అటువైపు గేట్లు చేసీ చేసీ సిరాజుద్దీన్ చేతులు తన తలుపుకూ ఆ ఎత్తుడు బందులే అతికేశాయి.

"ఆ పక్క పట్టు బామ్మర్దీ!"

ఇద్దరూ ఒక్క ఊపున ఎత్తారు. తలుపుతోపాటు కమ్మీ కూడా రంధ్రంలోంచి బుద్ధిగా పైకొచ్చింది.

"నా గోడౌనుకు ఏనుగులు రావప్పా, దొంగలొస్తారు," అన్నాడు లక్ష్మీపతి. "దొంగకు బామ్మర్ది ఉండడా?"

"ఒక్క నిమిషం ఉండండి సార్!"

సిరాజుద్దీన్ వెల్డింగ్ మిషన్ బయటికి లాగి, పక్క టీ కొట్టులోంచి కరెంటు తెచ్చుకున్నాడు. తలుపు తగిలించి మూశాడు. లోపల టక్కుమంది. ఆ హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు. తలుపు ఇక పైకి లేవకుండా బందుల మీద ఇనుప ముక్కలు అతికాడు.

"ఇప్పుడెత్తు ఎల్లప్పా!"

"నా గేటియ్యి, పోతాం."

"ముందు ఎత్తు. గేటు తర్వాత!"

ఎత్తారు. మూలిగారు. బావమరిది లుంగీ వదులైంది గానీ తలుపు కదల్లేదు.

"ఇదీ తలుపంటే," అన్నాడు లక్ష్మీపతి. "నాకూ ఇట్లాంటివే చెయ్యి."

సిరాజుద్దీన్ ముఖం వెలిగిపోయింది. ఎల్లప్ప చెమట తుడుచుకుంటూ అడిగాడు: "ఇంతకీ నా గేటు యాడుండాదన్నా?"

అందరూ తలుపు వైపు చూశారు.

"కట్టింగ్ మిషను మీరు తలుపు మూయకముందే బయట పెట్టినాలే," అంది జహీరా, క్యారియర్ మూత తీస్తూ. "అన్నం తిని కోయండి."

సిరాజుద్దీన్ తినలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఊళ్లో ఎవరూ తెరవలేని తన తలుపును తనే కోయడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వల అవతల, కారు దగ్గరనుంచి లక్ష్మీపతి గొంతు వినబడింది:

"సిరాజూ, నావాటికి ఆ కమ్మీ మాత్రం వద్దప్పా!"