ఆడతానని మాటిచ్చాను

నా నడక చూసి మా పేటంతా నవ్వేది. నాకేమో ఒళ్లు మండిపోయేది. రాజమండ్రిలో మిషను వారి ఆడపిల్లల బోర్డింగు బడిలో చదువుకుని వచ్చినదాన్ని నేను. అక్కడ దొరసానిగారు మా నెత్తిన పలక పెట్టి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించేవారు. పలక పడిందా, ఆ పూట అన్నంలోకి మజ్జిగ లేదు. భుజాలు ఊగకూడదు, నడుము కదలకూడదు, చేతులు ముందర కట్టుకోవాలి. నాకు మజ్జిగంటే ప్రాణం. అందుకని చక్కగా నేర్చుకున్నాను. చదువైపోయి ఇంటికొచ్చినా ఆ పలక నా నెత్తి మీదే ఉండిపోయింది.

కాలవ గట్టు మీద నేనలా నడిచి వస్తుంటే మా వాళ్లు ఊరుకుంటారా? "అమ్మాయిగోరి నెత్తిన నిండు బిందె పెట్టినా తొణకదండోయ్!" అని ఒకరు, "అబ్బే, కొంగ నయమండి, అప్పుడప్పుడూ మెడన్నా తిప్పుద్ది" అని ఇంకొకరు. నేను మాత్రం మెడ తిప్పేదాన్ని కాదు.

కొవ్వూరుకి దిగువన కాలవ గట్టునే ఉండేది మా పేట. అన్నీ పొలం పనులు చేసుకునే కుటుంబాలే. మా నాన్న చంకబిడ్డగా ఉన్నప్పుడే పేట మొత్తం బాప్తిస్మం తీసుకుని మిషనులో కలిసింది. ఆ చంకబిడ్డే పెరిగి పెద్దయి అదే పేటకి ఉపదేశి అయ్యారు. ఆదివారం వాక్యం చెప్పేవారు, మిగతా రోజులు పిల్లల చేత అక్షరాలు దిద్దించేవారు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది నాన్న తల్లి, మా మామ్మ.

మామ్మ సంగతి చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి. ఊడ్పులు ముగిసిన రోజున ఆడవాళ్లంతా గట్టు మీద గుండ్రంగా నిలబడి, పాడుకుంటూ, చప్పట్లు కొడుతూ అడుగులు వేసేవారట. దానికి వేరే పేరేం లేదు. ఆట అంటే అదే. అందులో ముందు కాలు మామ్మది. ఆవిడ కాలు ఎటు పడితే అందరి కాళ్లూ అటు. నాన్నని చంకనేసుకునే ఆడేదట. మిషనులో కలిసిన రోజున అప్పటి పాదిరీ దొరగారు తన వచ్చీరాని తెలుగులో "ఇకమీదట ఆట మానుడి" అన్నారు. ఆయన ఉద్దేశం అమ్మవారి జాతరలో ఆడే ఆట గురించి. మా వాళ్ల భయభక్తుల సంగతి ఆయనకేం తెలుసు? ఆట అన్న మాట ఎక్కడ వినపడితే అక్కడల్లా మానేశారు. పిల్లలు ఒప్పులకుప్ప తిరగటం మానేశారు. ఒక పెద్దాయనైతే నువ్వుల మూట భుజానేసుకుని దొరగారి బంగళాకి వెళ్లి, "అయ్యా, ఇవి గానుగ ఆడించుకోవచ్చునా?" అని అడిగి వచ్చాడు!

అలా మామ్మ కాళ్లు ఆగిపోయాయి. చేలో పని మాత్రం ఆగలేదు లెండి.

నాకు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు కొవ్వూరులో బడిపంతులు. కోటు వేసుకుంటాడట, బూట్లు కూడానట. తాంబూలాలు పుచ్చుకున్న సాయంత్రం మామ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూచుని, పిక్కలు పిసుక్కుంటూ నాన్నతో అంది:

"అబ్బాయ్, నిన్ను ఇన్నేళ్లలో ఏవీ అడగలేదు. దీన్ని నా చేతులతో పెంచాను. దీని పెళ్లిలో ఒక్కసారి ఆడతాను రా. వచ్చే ఏటికి ఈ మోకాళ్లు ఉంటాయో లేదో."

నాన్న మొహం పాలిపోయింది. "అదేంటమ్మా! దొరగారే వచ్చి పెళ్లి చేస్తున్నారు. ఉపదేశి తల్లే ఆడిందంటే రేపు నేను ఏ మొహం పెట్టుకుని వాక్యం చెప్పను?"

మామ్మ నా వైపు తిరిగింది. నేనూ నాన్న పక్షమే. "వద్దు మామ్మా, పెళ్లివారు బూట్లేసుకునే మనుషులు. నవ్వుతారు" అన్నాను. అసలు కారణం అది కాదు. మామ్మ ఆడితే తన వెంట నన్నూ లాగుతుంది. నలుగురి ముందూ నడుము కదపటమంటే నాకు చచ్చేంత సిగ్గు. ఆ మాట చెప్పటానికీ సిగ్గే.

మామ్మ పిక్కలు పిసకటం ఆపింది. తర్వాత మెల్లగా మొదలెట్టింది.

"అయితే ఒరేయ్, పిల్ల పెళ్లాడొచ్చా?"

"అదేం మాటమ్మా!"

"చెప్పు. పెళ్లాడొచ్చా?"

"ఆడొచ్చు."

"మొగుడితో మాటలాడొచ్చా? పోట్లాడొచ్చా?"

"అమ్మా, అది వేరు, ఇది వేరు."

"ఏంటి వేరు? పెళ్లాడొచ్చు, మాటలాడొచ్చు, పోట్లాడొచ్చు, నీళ్లాడొచ్చు. ఒట్టి ఆట ఒక్కటే ఆడకూడదా? ఆడకుండా బతికేదేవన్నా ఉందంట్రా? ఊపిరి కూడా ఆడాల్సిందేగా!"

నాన్న పంతులు. మాటకి మాట చెప్పగలిగినవారే. కానీ ఆయన మాట వెతుక్కునేలోగా మామ్మ లేచి కొంగు దులుపుకుంది.

"సరే. ఆట పాపమన్నావుగా. ఈ పూట నుంచి నేను మాటలాడను. పోట్లాడను. నీళ్లాడను. ఊపిరంటావా, అది నా చేతుల్లో లేదు. అదాడితే ఆ దేవుణ్ణే అడుక్కో."

అన్నంత పనీ చేసింది! మర్నాటి నుంచి మామ్మ నోట ముక్క లేదు. ఏది కావాలన్నా సైగే. మా ఇంట్లో గోల లేకపోతే ఇరుగుపొరుగు వాళ్లు ఎవరికేమైందోనని తొంగి చూసి వెళ్లేవారు. అంతకన్నా కష్టం ఇంకోటి. వరద తీసిన ఉక్కపోత రోజులు. ప్రార్థనకి వచ్చిన ఆడవాళ్లు మామ్మకి ఎడంగా జరిగి కూచోవటం మొదలెట్టారు. నాన్న బతిమాలారు. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, కనీసం స్నానమైనా చెయ్యవే." చూశారా, 'ఆడవే' అనలేదు! ఆ తెలివికి మామ్మ కళ్లు నవ్వాయి గానీ మనిషి మాత్రం కదల్లేదు.

పెళ్లి వారం రోజుల్లోకి వచ్చింది. పెళ్లి జరగాల్సింది మా ప్రార్థన ఇంట్లో. మట్టిగోడలు, తాటాకు కప్పు. ఆ ఏటి వరదకి గోడలైతే నిలిచాయి గానీ లోపల నేల మొత్తం గుంటలు పడి లేచిపోయింది. కొత్తగా వెయ్యాలి. మగవాళ్లు కాలవలోంచి పూడికమట్టి తట్టలతో తెచ్చి లోపల పోసి, ఊక కలిపి, నీళ్లు కొట్టారు. ఆ మట్టిని తొక్కి మెత్తగా చెయ్యటం ఆడవాళ్ల పని. మెత్తబడ్డాక సాపు చేసి, దిమ్మిసతో కొట్టి గట్టిపరుస్తారు. నాన్న గోడలకి సున్నం తేవటానికి లాకుల దగ్గరికి వెళ్లారు. నేను పెళ్లికూతుర్ని కదా, కొత్త కోక కట్టుకుని, చేతులు కట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాను.

తొక్కుతున్నారే గానీ మట్టి కలవటం లేదు. ఎవరి కాలు వారిది, ఎవరి కబుర్లు వారివి. ఒకచోట జావ, ఒకచోట గడ్డలు. మామ్మ గోడవారగా కూచుని పెదాలు బిగబట్టి చూస్తోంది. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. ఎంతసేపని బిగబడుతుంది పాపం?

"ఎర్రిమొకాల్లారా! ఎవరి కాలు ఆళ్లదైతే మట్టెలా కలుద్దే? కాలూ కాలూ కలవాలి!"

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. "మామ్మగోరు మాటలాడిందండోయ్!"

మామ్మ అప్పటికే కోక పైకి దోపుకుని మట్టిలోకి దిగింది. వాళ్లని గుండ్రంగా నిలబెట్టింది. రెండడుగులు లోపలికి, ఒకటి వెనక్కి, ఒక జారు పక్కకి, చప్పట్టు. గొంతెత్తి ఊడ్పుల పాట అందుకుంది. నలభై ఏళ్లయింది ఆ పాట ఆ పేటలో వినపడి. పెద్దవాళ్ల గొంతులు వెంటనే కలిశాయి. చిన్నవాళ్లు తడబడుతూ కలిశారు. ఇంతలో మామ్మ మోకాలు మడత పడింది. తూలి నిలదొక్కుకుని, గుమ్మం వైపు చెయ్యి చాచింది.

"ఏమే, ఇలా రా. నీ భుజం కావాలి."

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "కోక పాడవుద్ది మామ్మా" అన్నాను.

"కోకంటావా, ఉతికితే మట్టి పోద్ది. ఒళ్లు ఇలా బిగుసుకుపోతే ఏ రేవులో ఉతుకుతావే?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కోపమూ వచ్చింది. నాకు కోపమొస్తే ముందువెనకలు చూడను. దిగాను. పిక్కల దాకా చల్లటి మట్టి. మామ్మ చెయ్యి నా భుజం మీద పడింది. మొదటి అడుగు తప్పు, రెండోదీ తప్పే. అప్పుడు తెలిసింది నాకో సంగతి. మట్టిలో కాళ్లు కనపడవు! నా అడుగు తప్పో ఒప్పో ఎవరికీ తెలీదు. ఇక సిగ్గు ఎవర్ని చూసి పడాలి? తప్పయితే తప్పని వేశాను. నాలుగు చుట్లు తిరిగేసరికి నా మడమలు పాటని పట్టుకున్నాయి. నడుము దానంతటదే ఒక పక్కకి వెళ్లి, హాయిగా మళ్లీ వెనక్కి వచ్చింది. ఇన్నాళ్లూ ఎక్కడున్నావే తల్లీ అని నా నడుమునే అడగాలనిపించింది. పక్కకి జారే అడుగు దగ్గర నిజంగానే జారి, దబ్బుమని మట్టిలో కూలబడ్డాను. పేటంతా నవ్వారు. ఈసారి నాకు ఒళ్లు మండలేదు. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వాను. ఆ పలక పడింది అప్పుడేనండి.

నవ్వుతూ లేచి చూద్దును కదా, గుమ్మంలో నాన్న! చంకలో సున్నం తట్ట. పాట ఆగింది, కాళ్లాగాయి. కత్తి వేస్తే నెత్తురు చుక్క లేదు ఎవరికీ.

మామ్మ మాత్రం తొణకలేదు. "మట్టి తొక్కుతున్నాం అబ్బాయ్. ఆపితే గట్టిపడిపోద్ది."

నాన్న నేలని చూశారు. అంతా వెన్నలా కలిసింది. నేను నాన్న పాదాలు చూశాను. పాట ఆగిపోయినా ఆయన కుడి మడమ ఇంకా తాళం వేస్తోంది. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు లేదు. సున్నం తట్ట చంక మార్చుకుని, తూర్పు మూల చూపించారు.

"అక్కడ ఇంకా సరిగ్గా ఆడలేదు."

అన్నాక గానీ ఏమన్నారో ఆయనకి తెలియలేదు. సున్నం తట్ట దింపేసి గబగబా వెళ్లిపోయారు. ఆ సాయంత్రం మామ్మ కాలవ రేవులో దిగి తనివితీరా నీళ్లాడింది.

అయినా రాత్రి అన్నం దగ్గర నాన్న మాట మాటే. "అది పని అమ్మా. పెళ్లిలో మాత్రం వద్దు." మామ్మ ఈసారి వాదించలేదు. "పోనీలే" అంది. ఆ పోనీలే విని నేను అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాను. ఇప్పుడు మామ్మ ఆడాలని నాకే ఉంది. మామ్మతో నేనూ ఆడాలని ఉంది. కానీ నాన్నతో అనే ధైర్యం చాల్లేదు.

పెళ్లి రోజు వచ్చింది. దొరగారు పడవలో దిగారు. కొత్త నేల, కొత్త సున్నం, కిటకిటలాడే జనం. పెళ్లికొడుకు నిజంగానే కోటూ బూట్లూ వేసుకుని చెమటలు కక్కుతున్నారు. దొరగారు ఆయన్ని అడిగారు, "ఈ స్త్రీని వివాహమాడుదువా?" ఆయన పాఠం అప్పజెప్పినట్టు "వివాహమాడుదును" అన్నారు. తర్వాత నా వంతు.

"ఈ పురుషుని వివాహమాడుదువా?"

నాకు గొంతు పట్టేసింది. వివాహం గొంతులోనే ఉండిపోయింది. మిగిలిన సగమే గట్టిగా బయటికొచ్చింది.

"ఆడుదును!"

వెనక ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. దొరగారికి వినపడలేదో ఏమో, "స్పష్టముగా చెప్పుము" అన్నారు. నేను తల తిప్పి మామ్మని చూశాను. ముందు వరసలో కూచుని ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుంది, భుజాలు అదిరిపోతున్నాయి. ఈసారి నాకు గొంతు పట్టెయ్యలేదు. కావాలనే అన్నాను, మామ్మ మొహంలోకి చూస్తూ, పేటంతా వినేటట్టు.

"ఆడతాను!"

"మంచిది" అన్నారు దొరగారు తృప్తిగా.

బయట పందిట్లోకి వచ్చామో లేదో, మామ్మ నాన్న చెయ్యి పట్టుకుంది. "అబ్బాయ్, నేనేవీ అడగటం లేదు. దొరగోరే అందరి ముందూ నిలబెట్టి ఆడతావా అని అడిగారు. పిల్ల ఆడతానంది. మంచిదన్నారు కూడాను. దేవుడి ఎదట మాటిచ్చి తప్పితే మంచిదంటావా?"

నాన్న మామ్మని చూశారు, నన్ను చూశారు. నేను మెడ తిప్పుకోలేదు. "నేను మాటిచ్చాను నాన్నా" అన్నాను. ఆయన పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. నవ్వు ఆపుకోవటం ఆయనకి ఎప్పుడూ చేతకాదు.

ఆ నవ్వే చాలు మాకు. తెల్లకోక చెంగు దోపుకుని మామ్మ చెయ్యి నా భుజానికెత్తుకున్నాను. రెండడుగులు లోపలికి, ఒకటి వెనక్కి. ఈసారి పొడినేల. నా కాళ్లు అందరికీ కనపడుతున్నాయి. కనపడనీ! ఆడవాళ్లంతా వచ్చి గుండ్రంగా కలిశారు. మామ్మ పెళ్లికొడుకు వైపు వేలు చూపించింది. "ఏం బాబూ, ఆడుదునని నువ్వూ అన్నావుగా?" ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, నన్ను చూసి, వంగి బూట్లు విప్పటం మొదలెట్టారు. నాకు ఆ మనిషి నచ్చింది అప్పుడే.

"ఏమి జరుగుచున్నది?" అని దొరగారు నాన్నని అడగటం వినపడింది.

"మాట నిలబెట్టుకుంటున్నారండి" అన్నారు నాన్న. అంటూనే చప్పట్లు కొడుతున్నారు. చంకబిడ్డగా విన్న తాళం. ఒక్కటీ తప్పలేదు.

చుట్టు తిరిగే కొద్దీ నా భుజం మీద మామ్మ బరువు పెరుగుతోంది. చెవి దగ్గర ఆయాసం వినపడుతోంది. నాకు భయమేసింది. "ఊపిరాడటం లేదా మామ్మా? కూచుందామా?" అన్నాను.

మామ్మ మొహమంతా చెమట, మొహమంతా నవ్వు.

"ఊపిరిదేవుందే, ఎప్పుడూ ఆడేదే! కాళ్లాడుతున్నాయి, చూడు!"